పిచ్చాసుపత్రి తపాలా

జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ మానసిక చికిత్సాలయంలో 1909లో ఎమ్మా హౌక్ అనే ముప్పై ఏళ్ళ ఇల్లాలిని చేర్చారు. ఆమెకు ఇద్దరు ఆడపిల్లలు. అక్కడి నుంచి భర్తకు ఉత్తరాలు రాసింది. ఆ కాగితాలు ఇవాళ అదే ఊళ్ళో, మానసిక రోగుల కళాకృతులు దాచిన ప్రిన్జ్‌హోర్న్ సేకరణలో ఉన్నాయి. ఒక కాగితం మీద ‘రా’ అనే అర్థమిచ్చే ఒక్క మాటే ఉంటుంది. పెన్సిలుతో, నిలువు వరసలుగా, రాసినదాని మీదే మళ్ళీ మళ్ళీ రాయడంతో అక్షరాలు ఒకదాన్నొకటి మింగేసి, కాస్త దూరం నుంచి చూసేవాళ్ళకు బూడిదరంగు చారలు మాత్రమే కనిపిస్తాయి. దగ్గరికి వెళితే పెన్సిలు మొన ఎక్కడ గట్టిగా నొక్కుకుందో, ఎక్కడ తేలిపోయిందో తెలుస్తుంది. ఇవి భర్తకు చేరలేదు. కేసు ఫైల్లో ఉండిపోయాయి. ఆమె 1920లో వీస్లోఖ్ ఆసుపత్రిలో చనిపోయింది. కళా విమర్శకులు ఈ కాగితాలను చిత్రాలుగా చూసి మెచ్చుకుంటారు, అందులో తప్పులేదు. కానీ రాసిన మనిషి వాటిని బొమ్మలనుకుని గీయలేదు. అవి ఉత్తరాలు, వాటిని ఎవరూ పోస్టు చేయలేదు.

మానసిక రోగుల హక్కుల కథను మామూలుగా గొలుసుల దగ్గర మొదలుపెడతారు. పారిస్‌లో ఫిలిప్ పినెల్ సంకెళ్ళు విప్పించిన ఘట్టం పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది (ఆ పని ముందుగా చేసింది ఆయన దగ్గర పనిచేసిన పుస్సాన్ అని చరిత్రకారులు తర్వాత సరిదిద్దారు గానీ, బొమ్మలో మాత్రం పినెలే నిలబడ్డాడు). గొలుసుల కథకు సమాంతరంగా ఉత్తరాల కథ ఒకటి నడిచింది. రోగి రాసినదాన్ని ఎవరు చదవాలి, ఎవరు ఆపాలి, ఎవరికి చేరనివ్వాలి అన్న తగాదాకు ఇప్పుడు దాదాపు రెండు వందల ఏళ్ళు. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకు ఇంటర్నెట్ బలమిస్తుందా అన్న ప్రశ్నను ఈ తగాదాలో భాగంగా చూడాలన్నది నా వాదం. ఇంటర్నెట్‌ను మందు అనుకుని, పనిచేస్తోందా లేదా అని అడిగితే ఒక రకం జవాబు వస్తుంది. తపాలా అనుకుని, మధ్యలో కవరు చింపుతున్నదెవరని అడిగితే వచ్చే జవాబు వేరు. రెండో ప్రశ్నను రోగులే మొదట అడిగారు. దానికి వాళ్ళు ఇచ్చుకున్న జవాబులే ఈ చరిత్ర.

ఆ ప్రశ్నను అచ్చులో పెట్టిన తొలి మనుషుల్లో జాన్ పర్సివల్ ఒకడు. హత్యకు గురైన ఏకైక బ్రిటిష్ ప్రధాని స్పెన్సర్ పర్సివల్ కొడుకు. మతావేశంలో మతి చలించిన ఈయన్ని 1831లో బ్రిస్టల్ దగ్గరి బ్రిస్లింగ్టన్ హౌస్‌లో పెట్టారు, తర్వాత టైస్‌హర్స్ట్‌కు మార్చారు. బయటికొచ్చాక తన అనుభవాన్ని 1838లో ఒక సంపుటంగా, 1840లో మరో సంపుటంగా వెలువరించాడు. తనకు పిచ్చి పట్టలేదని ఆయన ఎక్కడా బుకాయించలేదు. పట్టిందని ఒప్పుకునే, పట్టినవాడితో కూడా మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాలన్నాడు. చేస్తున్న చికిత్స ఎందుకో చెప్పాలన్నాడు, ఇంటికి రాసుకున్న ఉత్తరాలు వైద్యుడి చేతిలో విప్పబడటం అవమానమన్నాడు. 1845లో ఆయనా, ఆయనలాగే లోపల ఉండి వచ్చిన మరికొందరూ కలిసి పెట్టిన సంఘానికి ‘పిచ్చివాళ్ళని ఆరోపణకు గురైనవారి మిత్రుల సంఘం’ అని పేరు. పెద్దమనుషులు నవ్వుకున్నారు. 1859లో పార్లమెంటు కమిటీ పర్సివల్‌ను పిలిచి సాక్ష్యం తీసుకుంది. 1862 నాటి చట్ట సవరణ, ప్రైవేటు రోగులు తనిఖీ కమిషనర్లకు రాసిన ఉత్తరాలను విప్పకుండా పంపాలని చెప్పింది. మిగతా ఉత్తరాలను ఆపాలనుకుంటే సూపరింటెండెంటు ఆ ఆపిన సంగతి కవరు మీద రాసి, కమిషనర్లు వచ్చినప్పుడు చూపించాలి. చిన్న గెలుపే, కానీ ఆపే అధికారానికి మొదటిసారి లెక్క చెప్పాల్సి వచ్చింది.

అమెరికాలో ఈ కథకు ఎలిజబెత్ ప్యాకర్డ్ పేరు పెట్టినా తప్పులేదు. భర్త పాస్టరు, ఆరుగురు పిల్లలు. మత విషయాల్లో భర్తతో బహిరంగంగా విభేదించింది. ఇల్లినాయ్ రాష్ట్ర చట్టం ప్రకారం భార్యను పిచ్చాసుపత్రికి పంపడానికి భర్త మాట, సూపరింటెండెంటు సమ్మతి చాలు. మిగతావాళ్ళ విషయంలో అడిగే విచారణ భార్యకు అక్కర్లేదు. 1860 జూన్‌లో ఆమెను జాక్సన్‌విల్ ఆసుపత్రికి తరలించారు. మూడేళ్ళు అక్కడ చాటుగా రాసింది. రాసిన కాగితాలను అద్దం వెనకా, టోపీ లోపలి అస్తరులోనూ దాచుకుంది. 1863లో విడుదలయ్యాక భర్త ఇంట్లోనే ఒక గదిలో పెట్టి కిటికీలకు మేకులు కొట్టించాడు. ఆ కిటికీ సందులోంచి జారవిడిచిన చీటీ ఒక పొరుగు స్నేహితురాలికి చేరింది, అక్కడి నుంచి జడ్జి దాకా వెళ్ళింది. 1864 జనవరిలో కాంకకీ పట్నంలో జరిగిన విచారణలో జ్యూరీ ఆమెకు మతి సరిగానే ఉందని తేల్చడానికి ఏడు నిమిషాలు పట్టింది. మూడేళ్ళు బంధించిన వ్యవస్థను ఒక చీటీ ఏడు నిమిషాల ముందు నిలబెట్టిందంటే, ఆ చీటీలను ఎందుకంత జాగ్రత్తగా ఆపేవాళ్ళో అర్థమవుతుంది.

ప్యాకర్డ్ తర్వాత రాష్ట్రం వెంట రాష్ట్రం తిరిగి శాసనసభల తలుపులు తట్టింది. స్వేచ్ఛ, న్యాయవాది, విచారణ అన్నీ అడిగింది కానీ, మొండిగా పట్టుకున్నది తపాలా హక్కును. 1872లో ఐయోవా చేసిన చట్టంలో పరిశీలక బృందంతో పాటు రోగుల ఉత్తరాల స్వేచ్ఛ కూడా చేరింది. లోపల జరిగే అన్యాయం బయటికి పొక్కే దారి ఉంటే చాలు, సగం అన్యాయం జరగకుండానే ఆగిపోతుందన్నది ఆమె లెక్క. సూపరింటెండెంట్ల సంఘం దీన్ని గట్టిగా ఎదిరించింది. రోగులు అసభ్యంగా రాస్తారు, బంధువుల పరువు తీస్తారు, లేని ఆస్తులు రాసిచ్చేస్తారు, ఆ ఉత్తరం వాళ్ళకే రేపు సిగ్గు తెస్తుంది అన్నారు. ఈ అభ్యంతరాలు ఉత్తుత్తివి కావు. ఉన్మాదపు ఉధృతిలో ఉన్న మనిషి అర్ధరాత్రి రాసిన ఉత్తరం సంసారాలను కూల్చగలదు. కానీ ఆ భయం చూపించి అన్ని ఉత్తరాలనూ ఆపే అధికారం ఒకే మనిషి చేతిలో పెట్టినప్పుడు, ఆ మనిషి మీద చేసిన ఫిర్యాదు కూడా అదే గుట్టలో పడుతుంది. దీనికి వైద్యులెవరూ సరైన జవాబు చెప్పలేకపోయారు.

ఉత్తరాన్ని ఆపడానికి పరువు కంటే సూక్ష్మమైన కారణం ఇంకోటి ఉంది. ఎడిన్‌బరో రాయల్ ఆసుపత్రిలో టామస్ క్లౌస్టన్ సూపరింటెండెంటుగా ఉన్న 1873-1908 మధ్యకాలం నాటి రోగుల ఉత్తరాలు వెయ్యికి పైగా కేసు పుస్తకాల్లో దొరికాయి. ఇంటికి తీసుకుపొమ్మనే విన్నపాలు, తిండి గురించి, పహరావాళ్ళ గురించి ఫిర్యాదులు, వైద్యుల మీద చురకలు, భ్రాంతుల వర్ణనలు అన్నీ వాటిలో ఉన్నాయి. చరిత్రకారులకు ఇది నిధి. ఆ నిధి మిగలడానికి కారణం మాత్రం అవి పోస్టు కాకపోవడమే. వైద్యుడికి ఆ కాగితం రోగ లక్షణానికి నమూనా. చేతిరాత వంకర, వాక్యం తెగిన చోటు, పదం పునరుక్తి అన్నీ నిర్ధారణకు పనికొస్తాయి. రాసిన మనిషి ఎవరినో ఉద్దేశించి ఒక సంగతి చెబుతున్నాడన్న విషయం మాత్రం ఆ చదువులో జారిపోతుంది. మానసిక రోగి మాటకు పట్టిన అసలు దురదృష్టం ఇదేనని నాకనిపిస్తుంది. నోరు నొక్కినచోట కనీసం నొక్కారని తెలుస్తుంది. శ్రద్ధగా చదివి, పక్కన గుర్తులు పెట్టుకుని, ఫైల్లో దాచేస్తే ఏమని ఫిర్యాదు చేయాలి?

పందొమ్మిదో శతాబ్దపు ఆసుపత్రులు కొన్ని ఉదారంగా పత్రికలు కూడా నడిపాయి. స్కాట్లాండ్‌లో క్రైటన్ రాయల్ ఆసుపత్రి 1844లో ఒకటి, ఎడిన్‌బరోలో 1845లో ఇంకోటి మొదలయ్యాయి. న్యూయార్క్ రాష్ట్రం యూటికాలో 1851 నుంచి 1860 దాకా ‘ది ఓపల్’ అనే పత్రికను రోగులే రాసి అచ్చేశారు. కవితలున్నాయి, వ్యాసాలున్నాయి, ఆసుపత్రి దయ గురించి పొగడ్తలున్నాయి. యాజమాన్యం చూడకుండా ఏదీ బయటికి పోదు కాబట్టి పొగడ్తల్లో కొంత శాతం తీసేసి చదవాలి. అయినా వాటిని కొట్టిపారేయడం సులువే గానీ సరికాదు. అచ్చులో తన పేరు లేకపోయినా తన వాక్యం చూసుకున్న మనిషికి అది ఉత్త అలంకారం కాదు. లోటు ఒక్కటే, అచ్చుయంత్రం తాళంచెవి ఎవరి దగ్గరుందన్నది.

ఆ తాళంచెవి రోగుల చేతికి రావడానికి 1970ల దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో క్లిఫర్డ్ బీర్స్ ఉన్నాడు. కనెక్టికట్ ఆసుపత్రుల్లో దెబ్బలు తిని, ఆ సంగతులు రాష్ట్ర గవర్నరుకు చాటుగా ఉత్తరం రాసి, 1908లో తన కథ పుస్తకంగా తెచ్చి సంచలనం రేపాడు. మరుసటి ఏడాది ఆయన చొరవతో ఏర్పడిన జాతీయ కమిటీ క్రమంగా వైద్యుల, దాతల సంస్థగా మారింది. రోగి గొంతు దానికి ముఖచిత్రంగా మిగిలింది. 1970లో పోర్ట్‌లాండ్‌లో, 1971లో బోస్టన్‌లో, అదే ఏడు కెనడాలోని వాంకూవర్‌లో పుట్టిన మాజీ రోగుల సంఘాలు ఈ పొరపాటు మళ్ళీ చేయదలచుకోలేదు. వాంకూవర్ సంఘం మూలం చూడండి. పగటిపూట చికిత్సకు వచ్చిపోయే రోగుల్లో ఆత్మహత్య జరిగాక, చికిత్సాలయం మూసి ఉండే శని ఆదివారాల్లో ఒకరికొకరు తోడుండాలని లానీ బెక్‌మన్ అనే రోగీ, ఆయన తోటివాళ్ళూ ఫోన్ నంబర్ల జాబితా ఒకటి గుట్టుగా పంచుకున్నారు. సంఘం ఆ కాగితం ముక్క నుంచి ఎదిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో మొదలైన ‘మ్యాడ్‌నెస్ నెట్‌వర్క్ న్యూస్’ పత్రికలో మొదట సానుభూతిపరులైన వృత్తి నిపుణులూ ఉన్నారు, కొన్నేళ్ళకు మాజీ రోగులే పూర్తిగా పట్టు తీసుకున్నారు. పత్రిక 1986లో ఆగిపోయింది. జూడీ ఛాంబర్లిన్ 1978లో రాసిన ‘ఆన్ అవర్ ఓన్’ ఈ ఉద్యమానికి పాఠ్యగ్రంథమైంది. కానీ వీటికి పట్టిన ఇబ్బంది మామూలు చిన్న పత్రికల ఇబ్బందే. కాగితం ఖరీదు, తపాలా బిళ్ళల ఖరీదు, చేసేవాళ్ళు అలసిపోవడం, అన్నిటికీ మించి ఇంకా ఎక్కడెవరున్నారో తెలియకపోవడం. చిరునామా తెలియనివాడికి పత్రిక ఎలా పంపుతాం?

ఒకరికొకరు తెలియకుండా ఎందరున్నారో 1987లో నెదర్లాండ్స్‌లో ఒక్క టీవీ కార్యక్రమం బయటపెట్టింది. మాస్ట్రిక్ట్ మనోవైద్యుడు మారియస్ రోమ్ దగ్గరికి వచ్చే పాట్సీ హాగ్‌కు గొంతులు వినిపించేవి. ఆమె తన డాక్టరునే నిలదీసింది: కనిపించని దేవుణ్ణి మీరు నమ్ముతారు, నాకు నిజంగా వినిపించేదాన్ని ఎందుకు నమ్మరు అన్న ధోరణిలో. డాక్టరు దగ్గర జవాబు లేదు. ఇద్దరూ టీవీలో కనిపించి, గొంతులు వినిపించేవాళ్ళు ఫోన్ చేయమన్నారు. ఏడు వందల మంది చేశారు. వారిలో 450 మందికి గొంతులు వినిపిస్తాయి, 150 మంది వాటితో సర్దుకుని బతుకుతున్నామన్నారు. వైద్యశాస్త్రం అప్పటిదాకా ఈ 150 మందినీ చూడనేలేదు, వాళ్ళు ఆసుపత్రికి రాలేదు కాబట్టి. ఇప్పుడు అనేక దేశాల్లో నడుస్తున్న గొంతులు వినేవారి ఉద్యమానికి మొదలు అక్కడే. ఒక మనోవైద్యుడి ఉదారత ఇందులో ఉంది, కానీ కొత్త జ్ఞానం ఫోన్ తీగ మీద వచ్చింది, వేలమైళ్ళ దూరాన్ని కాదు, సిగ్గును దాటి వచ్చింది.

ఆ తర్వాత ఇంటర్నెట్ రావడం కొత్త యుగమన్నంత కొత్తగా నాకు కనిపించదు. 1990ల మొదట్లో ఆన్‌లైన్ చర్చావేదికల సముదాయమైన యూజ్‌నెట్‌లో డిప్రెషన్ ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు రాసుకున్న మాటలూ, వాంకూవర్ ఫోన్ల జాబితా చేసిన పనీ ఒకటే. మారినవి రెండు. మొదటిది, చిరునామా తెలియకపోయినా ఉత్తరం చేరుతుంది. రెండోది, పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు. 2002లో సాషా డుబ్రుల్ శాన్‌ఫ్రాన్సిస్కో వారపత్రికలో తన బైపోలార్ జీవితం గురించి రాస్తే, చదివినవాళ్ళు ఉత్తరాల మీద ఉత్తరాలు పంపారు. అలా పంపినవాళ్ళలో జాక్స్ మక్‌నమారాతో కలిసి ఆయన ‘ఇకారస్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టాడు. అదొక వెబ్‌సైటుగా మొదలై ఊళ్ళలో కూర్చుని మాట్లాడుకునే బృందాలుగా మారింది. ఐక్యరాజ్యసమితి వైకల్య హక్కుల ఒడంబడిక 2006లో తయారయ్యేటప్పుడు మనోవైద్యాన్ని చవిచూసినవాళ్ళ ప్రపంచ సంఘం ఆ చర్చల్లో కూర్చుంది. టీనా మింకోవిట్జ్ వంటివాళ్ళు ముసాయిదా మాటల మీద పట్టుబట్టారు. ఖండానికొకటిగా చెదిరి ఉన్న, విమానం టికెట్లకు దిక్కులేని సంఘాలు ఒక ఒప్పందపు వాక్యం మీద కలిసి పనిచేయడం తపాలా బిళ్ళల కాలంలో ఊహించలేం. భారతదేశం ఆ ఒడంబడికను 2007లో ధ్రువీకరించింది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దాని బిడ్డే.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఇంటర్నెట్ సాంగత్యం మేలు చేస్తుందని చెప్పడానికి రుజువేది? 2011లో కేటీ కాప్లన్, మార్క్ సాల్జర్ తదితరులు అమెరికాలో మూడు వందల మందితో ఒక అధ్యయనం ప్రచురించారు. స్కిజోఫ్రీనియా తరహా రుగ్మతలో, తీవ్రమైన మూడ్ రుగ్మతలో ఉన్నవాళ్ళను చీటీ పద్ధతిన మూడు భాగాలు చేసి, రెండు భాగాలకు రెండు రకాల ఇంటర్నెట్ తోటివారి బృందాలిచ్చి, మూడో భాగానికి ఏమీ ఇవ్వలేదు. కోలుకోవడంలో, జీవన నాణ్యతలో, సాధికారతలో, సామాజిక ఆసరాలో తేడా ఏమీ తేలలేదు. పైగా ఎక్కువ పాల్గొన్నవాళ్ళలో మనోవేదన ఎక్కువగా కనిపించింది. ఇంటర్నెట్‌ను కీర్తించే వ్యాసాలు ఈ ఫలితాన్ని పక్కకు నెట్టేస్తాయి. పక్కకు నెట్టకూడదు. డిప్రెషన్ ఉన్న 103 మందిని ఏడాది పాటు గమనించిన 2002 నాటి మరో అధ్యయనంలో బృందాలను ఎక్కువ వాడినవాళ్ళలో ఉపశమనం ఎక్కువ కనిపించింది, కానీ అది చీటీలు వేసి చేసిన పరీక్ష కాదు, ఎవరు ఎక్కువ వాడతారో వాళ్ళే ఎంచుకున్నారు. కాబట్టి చికిత్సగా లెక్కిస్తే సాక్ష్యం బలహీనంగానే ఉందని ఒప్పుకోవాలి. కానీ కాప్లన్ బృందం పరీక్షించింది ఒక చికిత్సా కార్యక్రమాన్ని. మనుషులను చీటీ వేసి ఒక గదిలోకి పంపి, అక్కడ పరిచయమైనవాళ్ళతో మాట్లాడమన్నారు. పాట్సీ హాగ్ చేసింది అది కాదు. ఆమె తన ప్రశ్న తాను అడిగి, దానికి సంబంధించినవాళ్ళను వెతికింది. ఓటు హక్కు వచ్చాక రక్తపోటు తగ్గిందా అని ఎవరూ కొలవరు. ఉత్తరం రాసుకునే హక్కునూ అలా కొలవడం కుదరదు. వేదన ఉన్నవాడు ఎక్కువ రాస్తాడన్నది కూడా విడ్డూరం కాదు. ప్యాకర్డ్ కూడా సుఖంగా ఉన్నప్పుడు అస్తరులో కాగితాలు దాచుకోలేదు.

రెండో అభ్యంతరం హాని గురించి. ఆత్మహత్యకు దారి చూపించే రాతలు, మందులు మానేయమని అపరిచితులు ఇచ్చే సలహాలు, నిద్ర లేని రాత్రుల్లో భ్రాంతిని బలపరిచే వీడియోలు ఉన్న మాట నిజం. బ్రిటన్‌లో 2017లో చనిపోయిన పద్నాలుగేళ్ళ అమ్మాయి విషయంలో 2022లో కరోనర్ తీర్పు, ఆమె ఫోన్‌లో చూసిన సామాజిక మాధ్యమాల రాతలు ఆమె మరణంలో పాలుపంచుకున్నాయని స్పష్టంగా చెప్పింది. అయితే ఆ కేసులో ఆమెకు హాని తెచ్చింది ఎవరో రోగి ఆమెకు రాసిన ఉత్తరం కాదు. ఆమె అడగకపోయినా, ముందు చూసినదాన్ని బట్టి అలాంటివే మరిన్ని తెచ్చి ముందు పోసిన యంత్రాంగం. ఇద్దరు మనుషులు ఒకరికొకరు రాసుకోవడానికీ, ఒక కంపెనీ ఒకరి చీకటిని కొలిచి దానికి తగ్గ సరుకు వడ్డించడానికీ పోలిక లేదు. మొదటిదాన్ని కాపాడుతూ రెండోదాన్ని అదుపు చేయొచ్చు. సూపరింటెండెంట్ల పాత వాదం ఈ రెంటినీ కలిపేస్తుంది, ఇవాళ ‘రోగికి ఫోన్ ఇవ్వొద్దు’ అనే ఇంటిపెద్దలూ అదే చేస్తారు.

మన దేశంలో ఈ కథ ఆలస్యంగా మొదలై, ఒక్కసారిగా ముందుకు దూకింది. మద్రాసు ప్రెసిడెన్సీ నడిపిన వాల్తేరు ఆసుపత్రినీ, తర్వాత హైదరాబాద్‌లో వచ్చిన ఎర్రగడ్డనూ తెలుగువాళ్ళు సినిమా హాస్యంలో తిట్టుగా వాడుకున్నారు తప్ప, లోపలివాళ్ళు ఏం రాశారో అడగలేదు. 1912 నాటి లూనసీ చట్టం స్థానంలో వచ్చిన 1987 మానసిక ఆరోగ్య చట్టం 81వ సెక్షను, రోగికి వచ్చే ఉత్తరాలనూ, రోగి పంపే ఉత్తరాలనూ అడ్డుకోకూడదనీ, ఆపకూడదనీ, చింపకూడదనీ చెప్పింది. చెప్పిన వెంటనే, చికిత్సకు హాని చేసేవీ, వేధించేవీ, పరువు తీసేవీ ఆపడానికి నియమాలు పెట్టుకోవచ్చని మినహాయింపు ఇచ్చింది. ఐయోవా చట్టం నాటి సూపరింటెండెంట్లు చెప్పిన కారణాలే, నూట పదిహేనేళ్ళ తర్వాత. 2017 చట్టం 26వ సెక్షను ఇంకో అడుగు వేసింది. ఆసుపత్రిలో ఉన్న మనిషి ఫోన్, మొబైల్ వాడొచ్చు, ఈ-మెయిల్ పంపొచ్చు, అందుకోవచ్చు. ఇబ్బంది పెట్టేవారి నుంచి ఉత్తరాలూ ఫోన్లూ వద్దని రోగే కోరితే వాటిని ఆపొచ్చు. జడ్జి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు సభ్యులు, ఎంపీ, ఎమ్మెల్యే, తను నియమించుకున్న ప్రతినిధి, లాయరు వంటివారికి మాత్రం ఈ ఆంక్ష వర్తించదు. ఇంగ్లండ్ 1890 చట్టంలో లార్డ్ ఛాన్సలర్, హోం సెక్రటరీ, కమిషనర్లు అంటూ ఇచ్చిన జాబితాకు ఇది దగ్గరి చుట్టం. ఆ ఇంగ్లిషు చట్టం ఈ హక్కు గురించి రోగులు చూసే చోట నోటీసు అంటించాలని కూడా చెప్పింది.

కానీ భారతదేశంలో కవరు విప్పేవాడు చాలాసార్లు సూపరింటెండెంటు కాదు, ఇంటివాళ్ళు. 2015-16లో బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పన్నెండు రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, రకరకాల మానసిక రుగ్మతలున్నవారిలో చికిత్స అందనివాళ్ళు 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. అంటే అత్యధికులు ఆసుపత్రిలో లేరు. ఇళ్ళలో ఉన్నారు, కొందరు దర్గాల దగ్గరా గుళ్ళ దగ్గరా ఉన్నారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో చనిపోయినప్పుడు దేశానికి ఆ సంగతి తెలిసింది. తెలుగు ఇంట్లో జబ్బు దాచడానికి బలమైన కారణం పెళ్ళి. చెల్లెలికి సంబంధం తప్పిపోతుందన్న భయం ఒకవైపు, హిందూ వివాహ చట్టంలో మానసిక రుగ్మత విడాకులకు ఆధారం కావడం మరోవైపు. అలాంటి ఇంట్లో పేరు చెప్పకుండా మాట్లాడగలగడమనేది సాంకేతిక సదుపాయం స్థాయిని దాటిపోతుంది. చదవడం రాని తల్లి కూడా వాయిస్ మెసేజీతో చెప్పుకోగలదు. అమెరికాలో చదువుతున్న కుర్రాడు ఇంగ్లిషులో నోరు పెగలనిది తెలుగులో ఇంకో తెలుగువాడికి రాయగలడు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులో ఫోన్ చేయొచ్చు. ఇవన్నీ ఒక షరతు మీద ఆధారపడతాయి: ఫోను ఆ మనిషి చేతిలో ఉండాలి. ఇంటికొకటే ఫోనున్న చోట, పాస్‌వర్డ్ అన్నకో మొగుడికో తెలిసిన చోట, కిటికీకి మేకులు కొట్టిన గది ఇంకా ఉన్నట్టే. ఇంటర్నెట్ వచ్చింది కాబట్టి గోడలు కూలాయనే ఉత్సాహపరులకు ఇది చెప్పాలి.

ఇంటివాళ్ళను దాటినా ఇంకో మనిషి కవరు విప్పుతున్నాడు. 2023లో అమెరికా వాణిజ్య కమిషన్ బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కంపెనీ మీద చర్య తీసుకుంది. గుట్టుగా ఉంచుతామని మాటిచ్చి, వాడుకరుల ఈ-మెయిల్ చిరునామాలూ, ముందు ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారా వంటి సమాచారమూ ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి కంపెనీలకు ప్రకటనల కోసం ఇచ్చిందన్నది అభియోగం. కంపెనీ 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంతకుముందు ఏడాది, ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ళకు మెసేజీల ద్వారా సాయం చేసే ఒక అమెరికన్ సంస్థ, పేర్లు తీసేసిన సంభాషణల సమాచారాన్ని తన అనుబంధ వ్యాపార కంపెనీకి ఇచ్చిందని పత్రికలు బయటపెట్టాక ఆ ఏర్పాటు మానుకుంది. ఎడిన్‌బరో వైద్యుడు ఉత్తరాన్ని ఫైల్లో పెట్టినప్పుడు కనీసం రోగ నిర్ధారణకని చెప్పుకోగలిగేవాడు. ఉత్తరం ఇప్పుడు చేరాల్సిన చోటికి చేరుతోంది, నకలు మాత్రం ఎవరి గల్లాపెట్టెలోకో పోతోంది. పర్సివల్ తరం అడిగిన పూర్తి హక్కు, విప్పకుండా చేరడం, ఇంకా రాలేదు.

ఇలాంటి హక్కుల కోసం మన దేశంలో రోగుల తరఫున కాక రోగులుగానే నిలబడ్డవాళ్ళలో భార్గవీ దావర్ ముఖ్యురాలు. హైదరాబాద్‌లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన సంస్థతో కలిసి పనిచేసి, 1999లో పుణెలో బాపు ట్రస్ట్ స్థాపించి, ఆసియా పసిఫిక్ దేశాల మనోవైకల్య సంఘాలను ఒక వేదిక మీదికి తెచ్చారు. 2024లో మరణించారు. 2017 చట్టం కూడా ఇలాంటివాళ్ళకు కొంత చోటిచ్చింది. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థల్లో, మానసిక రుగ్మత ఉన్న లేదా ఒకప్పుడు ఉన్న మనుషుల ప్రతినిధులు ఇద్దరు సభ్యులుగా ఉండాలి. 26వ సెక్షనులో ఫోన్ హక్కు ‘ఆసుపత్రి నియమాలకు లోబడి’, ‘తగిన వేళల్లో’ అన్న షరతులతో వచ్చింది. ఆ వేళలేమిటో, చేరిన రోజే లోపలికి తీసుకున్న ఫోన్ ఏ వేళకు తిరిగి చేతికి రావాలో, ఈ-మెయిల్ చూసుకోవడానికి వార్డులో కంప్యూటరు ఉండాలో అక్కర్లేదో, ఆ మెయిలు పక్కన నిలబడి చదివే హక్కు నర్సుకు ఉందో లేదో చట్టం చెప్పదు. ఇవన్నీ ఆసుపత్రి నియమావళిలో నాలుగు వాక్యాల పని. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ నాలుగు వాక్యాల ముసాయిదాను ఆ ఇద్దరు సభ్యుల చేత రాయించాలి. రాశాక వార్డు గోడకు తెలుగులోనూ ఉర్దూలోనూ, రోగి కళ్ళకు అందే ఎత్తులో అంటించాలి.